తలదెబ్బ కాపలా – 5వ పాఠం: జాడీ చెమర్చే రోజులు

తలదెబ్బ తగిలినవాళ్ళను ఇంట్లో ఎలా కనిపెట్టుకోవాలో చెప్పే ఈ పాఠాల్లో, పోయినసారి నేనిచ్చిన పోలిక మిమ్మల్ని పక్కదారి పట్టించింది. నెత్తురుకూ మెదడుకూ మధ్య ఉండే అడ్డును వరిమడి గట్టు అన్నాను. ఆ మాట పట్టుకుని గుణుపురం నుంచి ఒకాయన ఫోన్ చేసి, “పుర్రె చిట్లలేదన్నారమ్మా, అంటే గట్టు తెగనట్టే కదా?” అని అడిగారు. కాశీనగర్ వైపు ఒక తల్లి, గట్టుకు బలమని కొడుకు నుదుటి చుట్టూ తువ్వాలు బిగించి కట్టిందట. పర్లాకిమిడిలోనే ఇంకో ఇంట్లో, దెబ్బ తగిలాక కనిపెట్టి ఉండమని నేను రాసిన 24 గంటలూ లెక్కపెట్టి, 25వ గంటకు కాపలా మానేశారు. నాలుగో రోజు మధ్యాహ్నం ఆ ఇంటి మావయ్య చేతిలోంచి నీళ్ళ చెంబు జారిపోయాక గానీ ఎవరూ గమనించలేదు. బరంపురం ఆసుపత్రిలో వారం రోజులు ఉంచితే తేరుకున్నారు. తినిపించడం, మింగించడం గురించి ఈసారి రాయాల్సింది. దాన్ని పక్కన పెట్టి అడ్డు సంగతే మళ్ళీ మొదలుపెడుతున్నాను.

గట్టును మరిచిపోండి. కుండనూ జాడీనీ తలుచుకోండి. మంచినీళ్ళ కుండ బయటికి చెమరుస్తుంది. ఒంట్లో చాలాచోట్ల సన్న రక్తనాళాలు అలాంటివే, వాటి గోడల్లోంచి నీరూ పోషకాలూ కండలోకి ఊరుతుంటాయి. మెదడులోని సన్న నాళాలు ఆవకాయ జాడీలాంటివి. జాడీకి పూత ఉన్నట్టే వీటి లోపలి పొరలో కణాలు ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి. క్లాడిన్-5, ఆక్లూడిన్ అనే ప్రొటీన్లు కణానికీ కణానికీ మధ్య కుట్టు వేస్తాయి. బయటి వైపు పెరిసైట్లు అనే కణాలు నాళాన్ని కరుచుకుని ఉంటాయి, ఆస్ట్రోసైట్లు అనే మెదడు కణాలు తమ పాదాలు ఆనించి ఉంటాయి. గ్లూకోజు లాంటి అవసరమైన సరుకుకు ఈ గోడలో ప్రత్యేకమైన ద్వారాలున్నాయి.

అంటే అడ్డు మెదడు చుట్టూ లేదు, పుర్రె కింద పరిచిన పొర కాదు. మెదడు లోపల ప్రతి సన్న నాళపు గోడా అడ్డే. ఎదిగిన మనిషి మెదడులోని ఆ నాళాలన్నీ ఒకదాని కొసకు ఒకటి ముడివేస్తే సుమారు 600 కిలోమీటర్లు, అంటే విశాఖపట్నం నుంచి హైదరాబాదు రోడ్డంత. తల గట్టిగా కుదిపినప్పుడు పుర్రె చెక్కుచెదరకపోయినా ఆ పొడవులో ఎక్కడైనా కుట్టు ఊడవచ్చు. తువ్వాలు అందేది చర్మానికే.

మీరు పొరబడ్డారని చిన్నబుచ్చుకోకండి. 1885లో పాల్ ఎర్లిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త జంతువుల నెత్తురులోకి రంగు ఎక్కిస్తే అవయవాలన్నీ రంగు పట్టాయి, మెదడు పట్టలేదు. మెదడు కణజాలానికి ఆ రంగు పట్టే గుణం లేదని ఆయన అనుకున్నారు. 1913లో ఆయన శిష్యుడు గోల్డ్‌మన్ రంగును మెదడు చుట్టూ ఉండే నీటిలోకే ఎక్కించాడు. ఈసారి మెదడంతా నీలమైంది, మిగతా ఒళ్ళు కాలేదు. పట్టే గుణం ఉంది, దారే లేదు. ఆ దారిని ఆపుతున్నది నాళపు లోపలి కణాల కుట్టేనని రీస్, కార్నోవ్‌స్కీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూపించేసరికి 1967 వచ్చింది.

దెబ్బ తగిలినప్పుడు జరిగేవి రెండు. ఆ క్షణానే నాళాలు సాగి, చిరిగి, కొన్నిచోట్ల ఊట మొదలవుతుంది. రెండోది నిదానంగా నడుస్తుంది. దెబ్బతిన్న చోట వాపు రేగి, ఎమ్ఎమ్‌పీ-9 లాంటి ఎంజైములు మిగిలిన కుట్లను కూడా కొరుకుతాయి. నెత్తురులో ఉండాల్సిన అల్బుమిన్, ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్లు మెదడులోకి దిగి నీటిని వెంట లాక్కొస్తాయి. పెద్ద దెబ్బల్లో ఈ వాపు తరచు 2 నుంచి 5 రోజుల మధ్య ముదురుతుంది. పర్లాకిమిడి మావయ్యకు నాలుగో రోజు అందుకే గండమైంది. మొదటి గంటలో తీసిన సీటీ నెత్తురు గడ్డనూ ఎముక విరగడాన్నీ చూస్తుంది. సన్న ఊట దానికి కనబడదు, రేపు వచ్చే వాపు ఇవాళ కనబడదు. చిన్న దెబ్బ తగిలినవాళ్ళలో ఎక్కువమంది ఏ ఇబ్బందీ లేకుండా కోలుకుంటారన్నదీ నిజమే. అయినా నేను మాత్రం మొదటి రెండు రాత్రులు లేపి చూస్తాను, ఆ తర్వాత వారమంతా పొద్దున, సాయంత్రం చూస్తాను. నా ఇంట్లోనైనా ఇదే చేస్తాను.

అపాయ సూచనలు రెండో పాఠంలో వివరంగా ఉన్నాయి: ఆగని వాంతులు, పెరిగే తలనొప్పి, మూర్ఛ, లేపినా లేవని మగత, మాట తడబడటం, ఒకవైపు చేయీకాలూ పట్టు తప్పడం, ఒక కనుపాప పెద్దదవడం, ముక్కులోంచో చెవిలోంచో పల్చటి నీరు. ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్. ఏ రోజైనా సరే.

ఇప్పుడు వాపు సూది. ముప్పై ఏళ్ళ నర్సు ఉద్యోగంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది ఇదే. తల వాచిందనగానే ఊళ్ళో ఎవరో ఒకరు డెక్సా సూది (డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్) వేస్తారు. ఇంట్లోవాళ్ళు కూడా “వాపు తగ్గే మందే కదా” అంటారు. ఆ తర్కం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మెదడులో కంతి ఉన్నవాళ్ళకు దాని చుట్టూ ఊరే వాపును డెక్సా నిజంగానే తగ్గిస్తుంది. కంతి చుట్టూ ఊరేదీ జాడీ చెమర్చే వాపే, దెబ్బకు ఊరేదీ అదే, మరి మందు ఒకటే ఎందుకు కాకూడదు? పెద్ద డాక్టర్లు కూడా ఏళ్ళ తరబడి అలాగే అనుకున్నారు. దాన్ని తేల్చడానికే క్రాష్ అనే పెద్ద పరీక్ష పెట్టారు. తలదెబ్బ తగిలిన 10,008 మందిని తీసుకుని, సగం మందికి 48 గంటలపాటు స్టెరాయిడ్ ఎక్కించారు, సగం మందికి మందేమీ లేని ఉత్తి ద్రవం. 2004లో ఫలితం వచ్చింది. రెండు వారాల్లో స్టెరాయిడ్ తీసుకున్నవాళ్ళలో 21.1 శాతం మంది చనిపోయారు, తీసుకోనివాళ్ళలో 17.9 శాతం. 20,000 మందిని చేర్చాలనుకున్న పరీక్షను మధ్యలోనే ఆపేశారు. వంద మందికి మూడు ప్రాణాల తేడా. మళ్ళీ చెబుతున్నాను: తలదెబ్బకు వాపు కోసం స్టెరాయిడ్ వద్దు. సూదిగా వద్దు, మాత్రగా వద్దు, “ఒక్క డోసే” అని కూడా వద్దు. ఎవరైనా వేసేసి ఉంటే దాచకండి, సీసా పట్టుకెళ్ళి ఆసుపత్రిలో చూపించండి. ఆయాసానికో కీళ్ళకో ముందునుంచీ స్టెరాయిడ్ వాడుతున్నవాళ్ళు మాత్రం దాన్ని సొంతంగా ఆపకూడదు, డాక్టరుకు చెప్పాలి.

మెదడు వాపు తగ్గించడానికి ఆసుపత్రిలో నరంలోకి ఎక్కించే మానిటాల్ గురించీ అడిగారు. అది పూత బాగున్న నాళాల దగ్గర మెదడులోంచి నీటిని నెత్తురులోకి లాగుతుంది. పూత పోయినచోట అదే లోపలికి ఊరిపోగలదు. అందుకే దాని లెక్క ఆసుపత్రిలోనే చూడాలి.

కల్లు, ఇప్పసారా. సారాలోని ఆల్కహాలు పూత బాగున్న జాడీని కూడా దాటిపోతుంది, అందుకే తాగిన కాసేపటికే తలకెక్కుతుంది. రాయగడ కొండల్లో జీలుగు చెట్టు మీంచి పడ్డవాడు మగతగా ఉంటే కల్లు మగతో దెబ్బ మగతో చూసి చెప్పలేం. దెబ్బ మగతే అనుకుని నడవండి. కోలుకునే వారాల్లో చుక్క కూడా వద్దు.

కుట్టు మళ్ళీ పడుతుంది. చుంచెలుకల్లో చూస్తే పెద్ద అణువులకు దారి కొన్ని గంటల్లోనే మూసుకుంది, చిన్నవాటికి నాలుగు రోజుల దాకా తెరిచే ఉంది. మనుషుల్లో కొందరికి నెలలు, అరుదుగా ఏళ్ళు కూడా ఊట మిగులుతుంది. స్కానులో తేలి కనబడే గాడోలినియం మందు ఎక్కించి ప్రత్యేక పద్ధతిలో ఎమ్ఆర్ఐ తీస్తే ఆ ఊట కనబడుతుంది, మామూలుగా ఎవరూ తీయరు. ఇలా దిగిన అల్బుమిన్ ఆస్ట్రోసైట్లను చెదరగొడుతుంది, అవి పొటాషియాన్ని సర్దలేకపోతాయి, చుట్టూ ఉన్న నరకణాలు ఊరికే ఉలిక్కిపడతాయి. దెబ్బ మానిన నెలల తర్వాత మూర్ఛ రావడానికి ఇదొక కారణం కావచ్చు. పెద్ద దెబ్బ తగిలినవాళ్ళను డాక్టరు సరేననేదాకా మహేంద్రతనయలో ఒంటరిగా స్నానానికి పంపకండి, చెట్టెక్కనివ్వకండి, బండి తాళం ఇవ్వకండి. జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి ఒళ్ళు చల్లబరచండి, వేడి ఊటను పెంచుతుంది. మొదటి రోజుల్లో ఆస్పిరిన్, బ్రూఫెన్ మీ అంతట మీరు వేయకండి, నెత్తురు కారడం పెరగవచ్చు.

అభ్యాసం. ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న ఒకరిని ఒప్పించి, రెండు రాత్రులు రెండేసి గంటలకు లేపండి. పేరు, ఊరు, ఇవాళ ఏం తిన్నారు, ఈ మూడూ అడిగి జవాబు పుస్తకంలో రాయండి. రెండు చేతులూ ముందుకు చాపించి పది లెక్కపెట్టండి, ఒకటి కిందికి జారుతోందేమో చూడండి. టార్చి వేసి రెండు కనుపాపలూ చూడండి. బాగున్న మనిషి నిద్రమత్తులో ఎలా మాట్లాడతాడో తెలియకపోతే బాగోలేనివాడి మాటను పోల్చుకోలేరు. ప్రశ్నలు వాళ్ళు అమ్మతో మాట్లాడిన భాషలోనే అడగండి. మన వార్డుకు ఒకసారి ఒక సవర తాతను తెచ్చారు. ఒడియాలో అడిగితే జవాబు రాలేదని, మతి తప్పిందని రాసుకున్నాం. ఆయన మనవరాలు వచ్చి సవరలో అడిగితే, ఇంట్లో మేకలకు నీళ్ళు పెట్టారా అని తిరిగి ఆయనే అడిగారు.