వానల్లో కలర్ షీట్లు కడిగించడానికి పంపేముందు

మహేంద్రగిరి మీద తీసిన 20 కలర్ షీట్లు (పెద్ద కెమెరాలో ఒక్కో ఫొటోకి ఒక్కో రేకుగా వాడే ఫిల్మ్) ఈమధ్య ఒకే పార్సిల్లో ల్యాబ్‌కి వెళ్లి, పూర్తిగా నల్లబడి తిరిగొచ్చాయి. కౌంటర్లో అబ్బాయి లెక్క చూసుకుందామని వెలుతుర్లోనే పెట్టె మూత తీశాడట. తప్పు ల్యాబ్‌దే. కానీ పరీక్షించని ల్యాబ్‌కి ఇరవైనీ ఒక్కసారే పంపడం అంతకంటే పెద్ద తప్పు.

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు 4×5 అంగుళాల షీట్ల మీద ఫొటోలు తీసేవాళ్లు పోస్టునో కొరియర్‌నో నమ్ముకోవాల్సిందే. అందుకే ప్రతి దృశ్యానికీ రెండు షీట్లు తీయండి. ఒకటి 'ఏ' అని రాసిన పెట్టెలో, రెండోది 'బీ' అని రాసిన పెట్టెలో. 'ఏ' పెట్టె వెళ్లి, షీట్లు కడిగి, తిరిగి చేతికొచ్చేదాకా 'బీ' ఇల్లు కదలకూడదు. 'ఏ'లో నెగెటివ్ కాస్త పలచగా వస్తే 'బీ'ని పుష్ (డెవలపర్లో ఎక్కువసేపు ఉంచడం) చేయించుకోవచ్చు, అది అదనపు లాభం.

ల్యాబ్‌ని అడగాల్సినవి

"షీట్ ఫిల్మ్ చేస్తారా" అని అడిగితే అందరూ చేస్తామనే అంటారు. "మీ దగ్గరే కడుగుతారా, ఇంకొకరికి పంపుతారా? గుండ్రంగా తిప్పే రోటరీ డ్రమ్ములోనా, హ్యాంగర్లకు తగిలించి ట్యాంకుల్లో ముంచుతారా?" అని అడగండి. 35 ఎం.ఎం. రోల్స్ కడిగే మినీల్యాబ్ మెషీన్లో షీటు పట్టదు. జవాబులో తడబాటు వినిపిస్తే అక్కడితో ఆపేయండి.

నెగెటివ్‌ని కడిగే పద్ధతి సీ-41: డెవలపర్ (బొమ్మ తేల్చే మందు) 37.8 డిగ్రీలు, 3 నిమిషాల 15 సెకన్లు. స్లైడ్‌కి (ఫిల్మ్ మీదే అసలు రంగులు కనిపించే రకం) ఈ-6: మొదటి డెవలపర్ 38 డిగ్రీలు, 6 నిమిషాలు. స్లైడ్ వెలుగునీడలన్నీ ఆ మొదటి డెవలపర్లోనే తేలిపోతాయి, తర్వాత సరిదిద్దే దారి లేదు. కాబట్టి ఈ-6 వారానికి ఎన్నిసార్లు నడుపుతారో, కంట్రోల్ స్ట్రిప్ (మందులు సరిగ్గా ఉన్నాయో చూసే పరీక్ష ఫిల్మ్ ముక్క) రీడింగ్ చూపిస్తారో లేదో అడగండి. చూపించడానికి విసుక్కునే ల్యాబ్‌కి స్లైడ్ ఇవ్వకండి.

ముందు ఒక్క షీటు పంపండి. మంచి ఫొటో కాదు, మబ్బు పట్టిన ఆకాశమో, ఎండ సమంగా పడ్డ సున్నం గోడో తీసినది. మందు కదలిక సరిగ్గా లేని డెవలపింగ్‌లో వచ్చే చారలు అడవి ఫొటోలో ఆకుల మధ్య దాక్కుంటాయి, గోడ మీద దాగలేవు. తిరిగొచ్చాక హోల్డర్ (కెమెరాలో షీటును పట్టి ఉంచే చట్రం) అంచు కింద వెలుతురు తగలని గీటు చూడండి. అది నెగెటివ్‌లో శుభ్రమైన నారింజ రంగులో, స్లైడ్‌లో చిక్కటి నలుపులో ఉండాలి. మూలల్లో చిన్న క్లిప్పు గుర్తులు మామూలే.

కట్టడం

ఫ్రిజ్‌లోంచి తీసిన ఫిల్మ్ పెట్టెను గది వేడికి వచ్చేదాకా, కనీసం మూడు గంటలు, తెరవకండి. జులైలో గాలిలో తడికి షీటు మీద నీరు పడుతుంది. వాన ముసురులో కాకుండా పొడిగా ఉన్న మధ్యాహ్నం హోల్డర్లు ఖాళీ చేయండి, లేకపోతే తడినే లోపల పెట్టి సీలు వేసినట్టు. వెలుతురు చొరని ఛేంజింగ్ బ్యాగులో చేతులు చెమటపడితే బయటికి తీసి తుడుచుకోండి. ఎమల్షన్ (షీటు మీది మందు పూత) మీద పడ్డ వేలిముద్ర పోదు.

షీట్లన్నీ ఒకే వైపుకి, నాచ్‌లు (షీటు అంచున కోసిన గుర్తులు) ఒకే మూలకి. నల్ల సంచి, ఆపైన పెట్టె మూడు మూతలూ, చుట్టూ టేపు. సిలికా జెల్ పెట్టె బయట, జిప్ కవర్లో. హోల్డర్లతో పంపకండి. సీ-41, ఈ-6 ఒకే పెట్టెలో కలపకండి. చీకట్లో వాటిని విడదీసేది నాచ్ ఒక్కటే, కడిగేవాడికి ఆ నాచ్ తెలుసన్న హామీ లేదు. సినిమా ఫిల్మ్ రకం షీట్లు వాడినవాళ్లు ముందే చెప్పండి. దాని వెనక నల్లపూత ఉంటే అది సీ-41 ట్యాంకును పాడుచేస్తుంది, పక్కవాళ్ల ఫిల్మూ పోతుంది.

పెట్టె మీద, లోపలి నల్ల సంచి మీద కూడా, "చీకట్లోనే తెరవాలి" అని ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాయండి. ముంబైలోనో బెంగళూరులోనో మన తెలుగు రాత ఎవరు చదువుతారు! షీట్లెన్నో, ఏ ప్రాసెసో రాయండి. లెక్క కోసం తెరవాల్సిన అవసరం వాళ్లకి రాకూడదు.

విమానంలో వెళ్లే పార్సిల్ ఎక్స్-రే కింద పడుతుంది, ఫిల్మ్‌కి అది చేటు. సర్ఫేస్‌లో (నేల దారిన) బుక్ చేయండి.

2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, పాత అలవాటున విడిగా అడిగితే దొరకదు.

వరద వార్త వింటే ఆగండి. 2017 జులైలో రాయగడ దగ్గర తెరుబలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెనే కొట్టుకుపోయింది. తడి గోదాంలో వారాలు పడున్న ఫిల్మ్ రంగు తప్పుతుంది.

అలాగని నెలల తరబడి ఇంట్లోనూ దాచకండి.

శుక్రవారం పోస్టు చేయకండి.

బస్సు కండక్టరు చేతికిచ్చి పంపకండి.

పార్సిల్ చేరిందని ఫోను వచ్చినా 'బీ' పంపకండి. "బాగా వచ్చాయి" అని వాట్సాప్‌లో ఫొటో పెట్టినా పంపకండి. 'ఏ' పెట్టె షీట్లు చేతికొచ్చి, లైట్ టేబుల్ మీద పెట్టి చూశాకే 'బీ' పెట్టెకి టేపు వేయండి.