విల్లో బరికెలతో సజీవ పొదరిల్లు: పెంపకం, అల్లిక, ఆలనాపాలన

విల్లో కొమ్మలతో తోటలో కట్టిన గుమ్మటాన్నో, దడినో చూసినవారు సాధారణంగా మొదట అడిగేది అల్లిక గురించే. కొమ్మను కొమ్మతో ఎలా పెనవేయాలి, పైన ముడి ఎలా నిలుస్తుంది అన్నవే వారి సందేహాలు. నిజానికి అల్లిక ఒక పూటలో చేతికి వస్తుంది. ఇలాంటి కట్టడాలు పాడైపోయినప్పుడు మాత్రం కారణం చాలావరకు నేల దగ్గరే దొరుకుతుంది. వాడిపోయిన కొమ్మలు నాటి ఉంటారు, కలుపు తీసి ఉండరు, లేదా తొలి వేసవిలో నీరు పెట్టడం మరిచి ఉంటారు. అందుకే దీన్ని ముందు మొక్కల పెంపకంగా, ఆ తర్వాతే అల్లికగా చూడమని నా సలహా.

విల్లో అంటే ఒక్క చెట్టు కాదు. సాలిక్స్ ప్రజాతిలో చెట్లు, పొదలు కలిపి దాదాపు 400 జాతులు ఉన్నాయి. వీటిలో చాలావాటికి ఒక విశేషం ఉంది: కొమ్మ ఇంకా చెట్టు మీద ఉండగానే బెరడు కింద వేరు మొలకలు ఏర్పడి, నిద్రాణంగా ఉంటాయి. తడి తగిలితే చాలు, అవి మేల్కొంటాయి. పెన్సిలంత లావు ముక్కను ఒక సీసాలో పది సెంటీమీటర్ల నీటిలో నిలబెట్టి వెచ్చని చోట ఉంచి చూడండి. కొద్ది రోజులకు బెరడు మీద ఆవగింజలంత తెల్లని బుడిపెలు లేస్తాయి, వాటిలోంచి వేళ్లు నేరుగా పక్కకు పొడుచుకువస్తాయి. మనిషి ఎత్తును మించిన కొమ్మను నరికి, నేలలో గుచ్చి, అదే రోజు దాన్ని గోడగా అల్లగలుగుతున్నామంటే ఈ గుణమే కారణం.

చింత బరికెలా పొడవుగా, సన్నగా, పక్క కొమ్మలు లేకుండా ఒక్క ఏడాదిలో పెరిగిన కొమ్మను ఈ వ్యాసంలో బరికె అని అంటున్నాను. నిలువు బరికెలకు సాలిక్స్ విమినాలిస్ అన్నిటికన్నా నమ్మదగినది. మోడు నుంచి ఒక్క రుతువులో రెండున్నర, మూడు మీటర్లు నిటారుగా పెరుగుతుంది. సాలిక్స్ పర్‌ప్యూరియా బరికెలు సన్నగా, గట్టిగా ఉండి చిన్న కట్టడాలకు, సందులు పూడ్చే అల్లికకు బాగా పనికివస్తాయి. దాని బెరడు బాగా చేదు కావడంతో కుందేళ్లు కూడా అంతగా ముట్టవు. సాలిక్స్ డాఫ్నాయిడిస్ ఊదారంగు బెరడు మీద తెల్లని బూడిద పూతతో చలికాలంలో అందంగా ఉంటుంది. సాలిక్స్ ఆల్బా రకాల్లో పసుపు, నారింజ రంగు బెరడు గలవి ఉన్నాయి కానీ, ఆ రంగు ఒక ఏటి కొమ్మలోనే నిండుగా కనిపిస్తుంది, పైగా కత్తిరించకుండా వదిలేస్తే అది 20 మీటర్ల మించిన చెట్టవుతుంది. పెళుసు విల్లోగా పేరుపడ్డ సాలిక్స్ ఫ్రాజిలిస్‌ను అసలు తీసుకోవద్దు; వంచబోతే మొదలు దగ్గరే టక్కున విరుగుతుంది. ఇవన్నీ చలి పడి ఆకులు రాలే ప్రాంతాల మొక్కలని, ఏడాది పొడవునా వేడిగా ఉండే చోట ఈ శ్రమ వృథా అయ్యే అవకాశమే ఎక్కువని ముందే తెలుసుకోవడం మంచిది.

స్థలం విషయంలో మొహమాటం పనికిరాదు. విల్లో వేళ్లు నీటిని వెతుక్కుంటూ చాలా దూరం పాకుతాయి, పగుళ్లున్న మురుగు గొట్టాల్లోకి దూరి వాటిని మూసేస్తాయి, బంకమట్టి నేలలో తేమను లాగేసి పునాదుల కింద మట్టి కుంగేలా చేస్తాయి. ఏటా కత్తిరించే పొద రకాలను కూడా ఇళ్లకు, గొట్టాలకు కనీసం 10 మీటర్ల దూరంలో నాటాలి. పెద్ద చెట్టు జాతులైతే 30 మీటర్లకు తగ్గకూడదు. ఎండ పూర్తిగా తగిలే, తేమ నిలిచే నేల మేలు. పెద్ద చెట్ల నీడలో బరికెలు వెలుతురు కోసం ఒక పక్కకే సాగి, గుమ్మటం వంకరపోతుంది.

బరికెలు కొనవచ్చు. అయితే తోటలో చిన్న మడి వేసుకుంటే రెండు మూడేళ్లలో ఆ అవసరం తీరిపోతుంది, మరమ్మతుకు కావలసినప్పుడల్లా తాజా కొమ్మ చేతికి అందుతుంది. ఆకులు రాలాక, మొగ్గలు ఉబ్బకముందే పెన్సిల్ లావున్న కొమ్మలను 25 నుంచి 30 సెంటీమీటర్ల ముక్కలు చేయాలి. కింది కొసను ఏటవాలుగా, పై కొసను సమంగా కోస్తే తలకిందులుగా నాటే పొరపాటు జరగదు. మడిలో మొండి కలుపును వేళ్లతో సహా తీసి, కలుపు మళ్లీ మొలవకుండా నల్లని మల్చింగ్ పట్టా పరిచి, దాని గుండానే ముక్కలను గుచ్చాలి. నేలపైన రెండు మూడు కన్నులు (మొగ్గలు) మాత్రమే కనిపించాలి. మొక్కకు మొక్కకు 30 నుంచి 40 సెంటీమీటర్లు, వరుసకు వరుసకు 70 సెంటీమీటర్లు చాలు. ఇంత దగ్గరగా నాటడం పొరపాటేమో అనిపిస్తుంది కానీ, వెలుతురు కోసం పోటీ పడితేనే బరికెలు పక్క కొమ్మలు వేయకుండా నిటారుగా పెరుగుతాయి.

మొదటి చలికాలంలో, ఎంత సన్నగా ఉన్నా సరే, అన్నిటినీ నేలకు ఒక జానెడు లోపే నరికేయాలి. ఏడాదంతా పెంచినదాన్ని అలా నరకడానికి మనసు ఒప్పదు. ఒప్పించుకోక తప్పదు, ఎందుకంటే మోడు గట్టిపడి గుబురుగా పిలకలు వేసేది ఈ కోతతోనే. మూడో ఏటి నుంచి ఆరోగ్యంగా ఉన్న మోడు ఒక్కొక్కటి పదికి పైగా బరికెలు ఇస్తుంది. కోసినవాటిని లోతైన పీపాలో నిలబెట్టి, అన్నిటికన్నా పొడవైనవాటిని ముందు పైకి లాగి కట్ట కట్టి, తర్వాత వాటికన్నా పొట్టివాటిని లాగుతూ పోతే కొలత పుల్ల లేకుండానే బరికెలన్నీ పొడవు వారీగా వేరుపడతాయి. బుట్టలల్లేవారు పాతకాలం నుంచీ చేస్తున్న పని ఇది.

కోసిన బరికెలను గాలికి, ఎండకు వదలకూడదు. వెంటనే నాటలేకపోతే నీడలో, చల్లని చోట, మొదళ్లు పది పదిహేను సెంటీమీటర్లు మునిగేలా నీటిలో నిలబెట్టాలి. కొన్ని వారాలు అలా ఉంచవచ్చు. నీటిలోనే వేళ్లు వచ్చేస్తే మాత్రం గుచ్చేటప్పుడు అవన్నీ రాలిపోతాయి. బరికె బతికే ఉందో లేదో తెలియకపోతే గోటితో బెరడు గీకితే చాలు: కింద పచ్చగా, తడిగా ఉంటే నాటవచ్చు, గోధుమరంగుకు తిరిగి, బెరడు ముడతలు పడి ఉంటే అది దడికి ఊతంగా తప్ప దేనికీ పనికిరాదు.

ఇక గుమ్మటం. ఇద్దరు పిల్లలు హాయిగా కూర్చోగలిగే 2 మీటర్ల వ్యాసం ఉన్నదాన్నే ఉదాహరణగా తీసుకుందాం. నడుమ మేకు కొట్టి, మీటరు తాడు కట్టి, వృత్తం గీయాలి. ఆ గీత పొడవునా 30 సెంటీమీటర్ల వెడల్పున గడ్డి తీసి, మట్టి గుల్ల చేసి, మల్చింగ్ పట్టా పరచాలి. చుట్టుకొలత సుమారు 6.28 మీటర్లు, వాకిలికి 70 సెంటీమీటర్లు పోగా మిగిలినదానిలో 28 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున 21 నిలువు బరికెలు పడతాయి. వాకిలికి అటూ ఇటూ అన్నిటికన్నా లావైనవాటిని ఉంచాలి. గునపంతో 30 సెంటీమీటర్ల లోతున రంధ్రం చేసి, అందులోకి బరికె మొదలును దింపి, చుట్టూ మడమతో గట్టిగా తొక్కాలి. రంధ్రం చేయకుండా గట్టి నేలలోకి బరికెను నెట్టితే బెరడు ఒలిచినట్టు ఊడిపోతుంది, వేళ్లు రావలసిన భాగమే అలా పోతుంది.

బరికె 3 మీటర్లదైతే నేలపైన 2.7 మీటర్లు ఉంటుంది. 1.2 మీటర్ల ఎత్తు దాకా నిటారుగా ఉంచి, అక్కడి నుంచి నడిమికి వంచితే గుమ్మటం 1.8 మీటర్ల ఎత్తు వస్తుంది, శిఖరం దగ్గర ఒక్కొక్క బరికె 20 సెంటీమీటర్ల పైచిలుకు అవతలికి దాటుతుంది. ఎదురెదురు బరికెలను పెనవేయడానికి అది సరిపోతుంది. 2.5 మీటర్ల బరికెలే దొరికితే వ్యాసం తగ్గించుకోవాలి తప్ప కొసలను లాగి పట్టుకోకూడదు. వంచే ముందు బరికెను రెండు చేతుల మధ్య పట్టుకుని, బొటనవేళ్లను కింద ఆనించి, కొస నుంచి మొదలు వైపుకు జరుపుతూ కొంచెం కొంచెంగా వంచాలి. నార లోపల సన్నగా చిటపటలాడే చప్పుడు వస్తే భయపడనక్కర్లేదు. ఒక్కచోటే గట్టిగా వంచితేనే విరుగుతుంది.

నిలువు బరికెలు మాత్రమే నాటి వదిలేస్తే రెండో ఏటికి గుమ్మటం పైభాగం గుబురుగా, కిందిభాగం బోడిగా తయారవుతుంది. నిటారు కొమ్మలో పై మొగ్గలకే బలం పోతుంది, కింది కన్నులు నిద్రపోతాయి. అదే బరికెను ఏటవాలుగా ఉంచితే కన్నులన్నీ పొడవునా మేల్కొంటాయి. కాబట్టి ప్రతి రెండు నిలువు బరికెల మధ్యా రెండు సన్న బరికెలు నాటి, ఒకదాన్ని ఎడమకు, మరొకదాన్ని కుడికి వాల్చి, నిలువువాటికి ఒకసారి ముందు నుంచి, ఒకసారి వెనుక నుంచి అల్లుతూ పైకి తీసుకువెళ్లాలి. ఈ వలలాంటి అల్లిక అందం కోసం కాదు, నడుము దాకా ఆకు పట్టడం కోసం. అడ్డంగా చుట్టే పట్టీ కూడా ఆకారాన్ని బిగిస్తుంది కానీ, నేలలో నాటని బరికె వేళ్లూనదు. అది ఏడాదిలో ఎండిపోతుంది, ఆ తర్వాత కొన్నాళ్లకు చివికి ఊడిపోతుంది. అప్పటికి మిగతా అల్లిక సొంతంగా నిలబడుతుంది కనుక దాని పని తీరినట్టే.

ముడుల గురించి ఒక హెచ్చరిక. నా మొదటి గుమ్మటానికి శిఖరంలో సన్నని ఇనుప తీగ వాడాను. చూడడానికి ఎంతో పొందికగా ఉంది. రెండో వేసవిలో కొమ్మలు లావెక్కి, తీగ బెరడులోకి దిగిపోయింది. గాలి గట్టిగా వీచిన ఒక రాత్రి తర్వాత చూస్తే, తీగ ఉన్నచోటల్లా కత్తితో గాటు పెట్టి విరిచినట్టు నాలుగు కొమ్మలు వేలాడుతున్నాయి. ఇప్పుడు సైకిలు ట్యూబును సన్నని పట్టీలుగా కోసి వాడుతున్నాను. కొమ్మ లావైన కొద్దీ రబ్బరు సాగుతుంది. పురికొస కూడా ఒక ఏడాదికి నిలుస్తుంది, ఆపైన తానే చివికిపోతుంది. ఒకదానికొకటి గట్టిగా ఒరుసుకునే రెండు కొమ్మలు కాలక్రమంలో అతుక్కుని ఒకటైపోవడం కూడా చూస్తారు. ఆ తర్వాత అక్కడ ముడి అవసరమే ఉండదు.

ఇంతకన్నా చాలా పెద్దవి కట్టాలంటే విడి బరికెలు చాలవు, వాటిని కట్టలుగా కట్టి స్తంభాల్లా నాటాలి. జర్మనీలోని ఆవర్‌ష్టెట్‌లో 1998లో వాస్తుశిల్పి మార్సెల్ కాల్బరర్ ఆధ్వర్యంలో సుమారు 300 మంది స్వచ్ఛందంగా పనిచేసి నిలబెట్టిన విల్లో మందిరం ఈ పద్ధతిలో కట్టినదే. ఇంటి తోటకు అంత సాహసం అక్కర్లేదు.

దడి గుమ్మటం కన్నా సులువు. సరళరేఖలో 20 సెంటీమీటర్లకు ఒక బరికె చొప్పున, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు దాదాపు 60 డిగ్రీల వాలుతో నాటి, కలిసినచోట ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి దాటించాలి. రెండు చివరలా లావైన గుంజలు, పైన రెండు బరికెలను జడలా పెనవేసిన అంచు ఉంటే దడి వాలిపోదు.

కట్టిన రోజు చూడముచ్చటగా ఉంటుంది, అసలు పరీక్ష మాత్రం తొలి వేసవిలోనే. అప్పటికి వేళ్లు ఇంకా అంతగా సాగి ఉండవు, ఆకులు మాత్రం పొడవైన బరికె నిండా వచ్చి నీటిని ఆవిరి చేస్తుంటాయి. వాన లేని ప్రతి వారంలో మీటరు వరుసకు పది పదిహేను లీటర్ల నీరు ఒకేసారి నెమ్మదిగా ఇంకేలా పెట్టాలి. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్లు పైనే ఉండిపోతాయి. మొదళ్ల చుట్టూ అర మీటరు మేర గడ్డి మొలవనివ్వకూడదు. ఎరువు నేను వేయను, పెరుగుదలను అదుపు చేయడమే పనిగా ఉన్నప్పుడు దాన్ని ఇంకా రెచ్చగొట్టడం దేనికి?

కొత్త రెమ్మలు మోకాలెత్తు రాగానే అల్లేయాలని చేతులు ఆత్రపడతాయి. అప్పుడు వంచితే పాత కొమ్మతో కలిసే లేత అతుకు దగ్గర ఊడి చేతిలోకి వచ్చేస్తాయి. వేసవి చివర అవి కాస్త గట్టిపడే దాకా ఆగి, ఖాళీలున్న వైపుకు మళ్లించి అల్లాలి. చలికాలంలో ఆకులు రాలాక అసలు కత్తిరింపు: సందులు పూడ్చడానికి కావలసిన రెమ్మలను అల్లికలో దూర్చి, మిగతావాటిని ఒకటి రెండు కన్నులు వదిలి కోసేయాలి. రెండేళ్లు ఈ పని వదిలేస్తే పైకొమ్మలు బొటనవేలంత లావై, కింది అల్లికను నీడతో చంపేస్తాయి. చచ్చిన బరికెల స్థానంలో కొత్తవి నాటడం మొదటి చలికాలంలోనే జరగాలి, ఎందుకంటే పాత వేళ్ల పోటీలో, పైనున్న నీడలో ఆలస్యంగా నాటినవి కోలుకోవడం అరుదు.

పేనుబంక పట్టినప్పుడు కింద ఆకులు జిగురెక్కి, వాటి మీద నల్లని మసి బూజు పేరుకుంటుంది. నీటిని వేగంగా కొట్టి కడిగితే చాలావరకు తగ్గుతుంది. ఆకుల అడుగున నారింజ రంగు పొడిలా కనిపించే తుప్పు తెగులు ఉంటే రాలిన ఆకులను ఊడ్చి తీసేయాలి. మడిలో ఒకే రకం కాకుండా రెండు మూడు రకాలు కలిపి పెంచితే అది అంత త్వరగా పాకదు. జింకలు తిరిగే చోట మొదటి రెండేళ్లు చుట్టూ వల కట్టక తప్పదు.

ఏటా కోసి తీసే కొమ్మలతో మరొక జాగ్రత్త కూడా అవసరం. వాటిని తడి నేల మీద కుప్పగా వదిలేస్తే కుప్పే వేళ్లూని పొదవుతుంది. చెరువు గట్టు మీదో, కాలువ పక్కనో ఎప్పుడూ పడేయకండి. ఎండలో పట్టా మీద పరిచి, వంచితే పుటుక్కున విరిగేంతగా ఎండిన తర్వాతే ఎరువు గుంతలో వేయండి.