సాఫ్ట్‌వేర్ అవసరాలను రాబట్టి, రాయడం ఎలా?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం లెక్కలకు యాప్ కావాలంటూ ఒక వ్యాపారి మధురవాడలోని మీ ఆఫీసుకు వచ్చారనుకుందాం. "వేగంగా ఉండాలి, తేలికగా ఉండాలి" అంటారు. అంతే రాసుకుని కోడ్ మొదలుపెడితే ఇద్దరికీ తిప్పలే.

ముందు యాప్‌తో ఎవరెవరికి పని ఉందో తేల్చుకోండి. డబ్బిచ్చేది వ్యాపారి, వాడేది గుమస్తా. బోటు యజమానికి, చేపలు కొని ఊళ్లో అమ్ముకునే మహిళలకు కావలసినవి వేరు. అందరితో విడివిడిగా మాట్లాడండి. వ్యాపారి ఎదుట గుమస్తా నోరు విప్పడు.

తరువాత వేలం జరిగే చోటికే వెళ్లండి. గుమస్తా పుస్తకంలో ఏది కొట్టివేసి తిరగరాస్తున్నాడో చూడండి. అసలు విషయం అక్కడే దొరుకుతుంది. పాట ముగిశాక ధర తగ్గించమంటే? సగం డబ్బిచ్చి మిగతాది రేపంటే? తడి చేతులతో ఫోను తెర పనిచేస్తుందా? తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల వేటపై నిషేధం. అప్పుడు వాటి చేపలు వేలానికి రావు, పాత బాకీల వసూళ్లు మాత్రం ఆగవు. "నెల రోజులుగా అమ్మకం లేని ఖాతాను మూసేయాలి" అని ఆఫీసులో కూర్చుని రాసిన నియమం ఇక్కడ కొంప ముంచుతుంది.

ఎవరైనా "మెసేజ్ పంపే బటన్ పెట్టండి" అంటే, ఎందుకని అడగండి. బోటు యజమాని అదే రోజు లెక్క చూసుకోవాలన్నది అసలు అవసరం కావచ్చు. బటన్ లేకుండానే అది తీరవచ్చు.

రాసేటప్పుడు వాక్యానికి ఒక్కటే అవసరం, దానికో నంబరు. ఉదాహరణకు:

"7. నెట్ లేనప్పుడు కూడా, గుమస్తా నమోదు చేసిన పాట 2 సెకన్లలోపు ఫోనులో భద్రం కావాలి."

టెస్టర్ ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి దీన్ని నిమిషంలో తేల్చేస్తాడు. పరీక్షకు దారి తోచకపోతే వాక్యాన్ని మార్చండి. అవసరాలు రాసే ఈ పనికి ఐఎస్ఓ/ఐఈసీ/ఐట్రిపుల్‌ఈ 29148 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 2011లో వచ్చింది, 2018లో సవరించారు. చిన్న యాప్‌కు అదంతా బరువే గానీ, మంచి అవసరానికి ఉండాల్సిన లక్షణాల జాబితా మాత్రం చదవదగినది.

ఈ విడతలో చేయనివీ రాయండి: ఐసు, డీజిల్ ఖర్చుల లెక్క వంటివి. పత్రాన్ని ఈమెయిల్‌లో పంపి ఊరుకోవద్దు, చదవకుండానే సరే అంటారు. గుమస్తా పక్కన కూర్చుని చదివి వినిపించండి. ఆ తరువాత వచ్చే ప్రతి మార్పుకూ తేదీ, అడిగినవారి పేరు, మారిన వాక్యం నంబరు నమోదు చేయండి.