మనసులో నిలిచిపోయే ఫోటో ఎలా తీయాలి?

1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠాణీ కోతకు వచ్చిన కూలీల గుడారాల్లో అమెరికన్ ఫోటోగ్రాఫర్ డొరోథియా లాంగ్ ఒక తల్లిని ఫోటో తీశారు. ఒక్కటి తీసి వచ్చేయలేదు. ముందు గుడారం, సామాన్లు, పిల్లలు అన్నీ పడేలా దూరం నుంచి తీశారు. తర్వాత దగ్గరికి జరుగుతూ మరికొన్ని తీశారు. ప్రపంచానికి గుర్తుండిపోయింది బాగా దగ్గర నుంచి తీసినదే. అందులో ఇద్దరు పిల్లలు తల్లి భుజాల మీద వాలి, ముఖాలు అటు తిప్పుకుని ఉంటారు. ఒళ్లో చంటిబిడ్డ. తల్లి చెయ్యి చెంప దగ్గర, చూపు ఎటో దూరంగా.

వివరాలు ఎక్కువున్నది దూరం నుంచి తీసినదాంట్లోనే. అయినా మనల్ని పట్టుకునేది దగ్గర నుంచి తీసినదే. పిల్లల ముఖాలు కూడా కనిపించి ఉంటే మన చూపు ముగ్గురి మధ్యా చెదిరిపోయేది. ఫ్రేమ్‌లోంచి అక్కర్లేనివి ఒక్కొక్కటే తప్పిస్తూ పోవడమే అసలు పని.

కెమెరా ఎత్తకముందు

ఎదురుగా జరుగుతున్నదాన్ని ఒక్క ముక్కలో చెప్పుకోండి. ‘స్టేషన్‌లో వీడ్కోలు’ అనుకుంటే ఏం తీయాలో తేలదు. ‘రైలు కదులుతున్నా వదలని చెయ్యి’ అనుకుంటే ఎక్కడ నిలబడాలో, దేన్ని వదిలేయాలో వెంటనే తెలుస్తుంది. ఏమీ తోచకపోతే చేతులు చూడండి. నవ్వు తెచ్చిపెట్టుకోగలం, చేతుల సంగతి మాత్రం చాలామందికి గుర్తే ఉండదు.

భోపాల్ గ్యాస్ దుర్ఘటన జరిగిన 1984లో మన ఫోటోగ్రాఫర్ రఘు రాయ్ తీసిన ఫోటో ఇలాంటిదే. పూడుస్తున్న మట్టిలోంచి కనిపించే పసిబిడ్డ ముఖం, దాని మీదుగా ఒక చెయ్యి. ఫ్యాక్టరీ లేదు, ఆసుపత్రి లేదు, జనం లేరు. ఆ బిడ్డ ఎవరో, ఆ చెయ్యి ఎవరిదో ఫోటో చెప్పదు. అయినా చూపు తిప్పుకోలేం.

దగ్గరికి వెళ్లండి, కానీ మరీ ముక్కు మీదికి కాదు

మొదటి ఫోటో ఉన్నచోటు నుంచే తీసుకోండి. రెండడుగులు ముందుకేసి ఇంకొకటి తీయండి, మళ్లీ రెండడుగులు. ఫోన్‌తో తీసేవాళ్లకు ఒక చిక్కుంది. మామూలు లెన్స్‌తో ముఖానికి బాగా దగ్గరగా వెళితే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టు పడతాయి. 2ఎక్స్ లెన్స్ (రెండింతలు దగ్గరగా చూపించేది) ఉంటే అది పెట్టి ఒకటిన్నర మీటర్ల దూరంలో ఆగండి. లేకపోతే అంతే దూరం నుంచి తీసి తర్వాత క్రాప్ చేసుకోండి. పిల్లల్ని తీస్తుంటే మోకాళ్ల మీద కూర్చోవాలి. పైనుంచి తీస్తే వాళ్ల లోకం కాదు, మన ఎత్తు కనిపిస్తుంది.

నొక్కేముందు ఫ్రేమ్ నాలుగు అంచులూ ఒకసారి చూడండి. తల వెనక నుంచి మొలిచినట్టున్న స్తంభం, మూలన ఎవరిదో సగం మోచెయ్యి, ఎర్ర బకెట్... ఇవి ఫోటోని పాడుచేసినంతగా ఇంకేదీ చేయదు. పక్కకు ఒక్క అడుగేస్తే చాలావరకు పోతాయి.

వెలుతురు గురించి ఎక్కువ టెన్షన్ అక్కర్లేదు. ఇంట్లో అయితే పైన వెలిగే లైటు ఆపేసి, మనిషిని కిటికీకి పక్కగా కూర్చోబెట్టండి. స్క్రీన్ మీద ముఖాన్ని తాకి, వెలుగు తగ్గించే గుర్తును కాస్త కిందికి జరపండి. ముఖంలో సగం నీడలో పడినా పర్వాలేదు, చాలాసార్లు అదే బాగుంటుంది.

నొక్కాక కూడా కెమెరా దించకండి

చాలామంది తొందరపడేది ఇక్కడే. ఫోటో అనగానే మనిషి సర్దుకుంటాడు, భుజాలు బిగుస్తాయి, నవ్వు వస్తుంది. ఆ ఫోటో కూడా ఒకటి నొక్కండి, అది వాళ్ల కోసం. ‘అయిపోయింది’ అనుకుని వాళ్లు ఊపిరి వదిలే క్షణం ఒకటి వస్తుంది. నవ్వు ముఖం మీంచి జారిపోతూ, కళ్లు వేరే దేన్నో వెతుక్కుంటాయి. మీకు కావలసింది అది. కదిలే మనుషులైతే షట్టర్ వేగం 1/250 (సెకనులో 250వ వంతు) దగ్గర పెట్టుకోండి, లేదా బర్స్ట్‌లో వరసగా తీయండి.

దుఃఖంలో ఉన్నవాళ్ల విషయం వేరు. అడగకుండా తీయొద్దు. మాటల్లో అడిగే పరిస్థితి లేకపోతే కెమెరా చూపించి కళ్లతో అడగండి. ముఖం తిప్పుకుంటే అదే జవాబు. ఎంత గొప్ప ఫోటో అయినా వదులుకోవాల్సిందే, నా లెక్కలో దీనికి మినహాయింపు లేదు.

తీశాక

ఆ రోజే ఎంచకండి. తీసేటప్పటి ఉద్వేగం మనలో ఇంకా ఉంటుంది కాబట్టి మామూలు ఫోటో కూడా గొప్పగా కనిపిస్తుంది. ఒకట్రెండు రోజులు ఆగి, ఒక్కటే ఎంచుకోండి. రంగులు పెంచాలనిపిస్తే ఆగండి. ముఖం కన్నా వెనకున్న రంగు ఎక్కువ లాగుతుంటే బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. ఊరికే పాతకాలపు సోకు కోసమైతే మాత్రం వద్దు.

చివరగా, అక్కడ లేని ఒకరికి ఏమీ చెప్పకుండా ఆ ఫోటో ఇవ్వండి. ముందు వాళ్ల చూపు ఎక్కడ ఆగిందో అడగండి. మీరు అనుకున్నచోట ఆగకపోతే, అడ్డొచ్చినదాన్ని కత్తిరించి మరొకరికి చూపించండి.