డ్రైవర్‌ను లినక్స్ కెర్నెల్‌కు పంపే ముందు గిట్ హిస్టరీని ఎలా సర్దుకోవాలి?

నల్లగొండ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి కొత్తగా చెప్పేదేం లేదు. ఆ నీళ్లను కొలిచే మీటర్ ఒకటి చేద్దామని కూర్చుంటే, ఎలక్ట్రోడ్ ఇచ్చే మిల్లీవోల్టులను అంకెలుగా మార్చే ఏడీసీ చిప్ కావాలి, మీ చేతికి దొరికిన చిప్‌కు లినక్స్‌లో దాన్ని నడిపే డ్రైవర్ లేకపోవచ్చు. సరే, మీరే రాశారు, రీడింగ్ వస్తోంది, ఇక కెర్నెల్‌కు పంపాలి. గిట్ లాగ్ తెరిస్తే మాత్రం "పని చేస్తోంది", "మళ్లీ ఖరాబైంది", "ప్రింట్లు తీసేశా", "ఇదే ఫైనల్", "ఇదే అసలు ఫైనల్" అని బారెడు కమిట్లు, అంటే గిట్‌లో మీరు ఎప్పటికప్పుడు సేవ్ చేసిన మార్పులు.

వాటిని అలాగే పంపకూడదు, అలాగని చెరిపేయకూడదు కూడా. మీ దగ్గర ఉండే హిస్టరీ వేరు, చదివేవాళ్ల కోసం పంపే హిస్టరీ వేరు.

ముందు పాత బ్రాంచ్‌ను వేరే పేరుతో దాచి, ఇంకో చోటికి కూడా పుష్ చేసి పెట్టుకోండి. బ్రాంచ్ పాత స్థానాలను గిట్ రాసుకునే రీఫ్‌లాగ్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు, ఏ బ్రాంచ్‌కూ అందని కమిట్ల ఎంట్రీలను అది మామూలుగా 30 రోజులే ఉంచుతుంది. ఎప్పుడో ఒక రివ్యూవర్ "ఇక్కడ ఈ డిలే ఎందుకు?" అని అడిగితే, చిప్ హ్యాంగ్ అయిన రోజు మీరు విసుగుతో రాసుకున్న కమిటే జవాబు చెబుతుంది.

తర్వాత కొత్త బ్రాంచ్ తీయండి. బోర్డుతో పాటు వచ్చిన పాత కెర్నెల్ మీద కాదు, మీ చిప్ చేరే సబ్‌సిస్టమ్ (కెర్నెల్‌లో ఒక విభాగం) మెయింటైనర్ ట్రీ మీద, అంటే ఆ విభాగం చూసుకునేవాళ్ల కోడ్ కాపీ మీద. ఏడీసీ అయితే ఐఐఓ (ఇండస్ట్రియల్ ఐ/ఓ) ట్రీ. పాత కమిట్లను ఒక్కోటీ రీబేస్ చేస్తూ (కొత్త చోట మళ్లీ పేరుస్తూ) కన్‌ఫ్లిక్ట్‌లతో పరేషాన్ కావడం కన్నా, గిట్ చెకౌట్‌తో పూర్తయిన ఫైళ్లను మాత్రం తెచ్చుకుని కొత్తగా కమిట్ చేయడమే నయం.

అసలు పని ఇక్కడుంది, ముక్కలు చేయడం. పంపే ఒక్కో మార్పూ ఒక ప్యాచ్. మొదటి ప్యాచ్ డివైస్ ట్రీ బైండింగ్, అంటే బోర్డు మీద ఈ చిప్‌ను ఎలా వర్ణించాలో చెప్పే ఫైల్. రెండోది డ్రైవర్, దాంతోనే డ్రైవర్‌ను బిల్డ్‌లో చేర్చే కేకాన్ఫిగ్, మేక్‌ఫైల్ లైన్లు. మెయింటైనర్స్ ఫైల్‌లో మీ పేరు కూడా చేర్చాలి, అంటే రేపు బగ్ వస్తే మిమ్మల్నే అడుగుతారు. బఫర్, ఇంటరప్ట్ లాంటి అదనపు హంగులుంటే ఒక్కోటీ వేరే ప్యాచ్. లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ అనే లెక్క డ్రైవర్‌లో ఉంటే తీసేయండి. డ్రైవర్ ముడి (రా) విలువ, స్కేల్ ఇస్తే చాలు, ఆ లెక్క పైన నడిచే ప్రోగ్రామ్ చూసుకుంటుంది. ఇక ప్రతి ప్యాచ్ దగ్గరా కెర్నెల్ బిల్డ్ కావాలి, ఆఖరి ప్యాచ్ దగ్గర ఒక్కటే అయితే కుదరదు, ఎందుకంటే ఇంకెవరో ఇంకేదో బగ్ కోసం గిట్ బైసెక్ట్ (బగ్ ఏ కమిట్‌తో వచ్చిందో వెతకడం) చేస్తూ సరిగ్గా మీ సిరీస్ మధ్యలో వచ్చి ఆగవచ్చు, అక్కడ కంపైల్ కాకపోతే వాళ్ల పని మొత్తం చెడిపోతుంది. రీబేస్‌కు ఎగ్జెక్ ఆప్షన్‌లో మేక్ కమాండ్ ఇస్తే ఒక్కో ప్యాచ్‌నూ అదే బిల్డ్ చేసి చూపిస్తుంది. కోడ్ శైలిలో తప్పులు చూపే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు కూడా నడపండి.

కమిట్ మెసేజ్‌లో ఏం మార్చారో కన్నా ఎందుకు మార్చారో రాయండి, ఏం మార్చారో కోడ్‌లో కనిపిస్తూనే ఉంటుంది. లైనుకు 75 అక్షరాలు దాటొద్దు. చివర్లో మీ సైన్డ్-ఆఫ్-బై తప్పనిసరి, ఆ కోడ్ ఇచ్చే హక్కు మీకుందని దాని అర్థం. మహబూబ్‌నగర్‌లోని దోస్తు సగం కోడ్ రాసి ఉంటే అతని పేరుతో కో-డెవలప్డ్-బై, దాని కిందే అతని సైన్డ్-ఆఫ్-బై రావాలి. బోర్డు మీద పరీక్షించి మాత్రమే చూశాడా? అప్పుడు టెస్టెడ్-బై, అదీ అతన్ని అడిగాకే.

కామెంట్లు రాగానే పైన ఇంకో కమిట్ అతికించి "రివ్యూ ఫిక్స్" అనడం ఇక్కడ చెల్లదు. తప్పు ఏ ప్యాచ్‌లో ఉందో అందులోకే సవరణ పోవాలి, దానికి ఫిక్సప్ కమిట్లు చేసుకుని ఆటోస్క్వాష్ రీబేస్ కొట్టండి, గిట్ వాటిని ఆయా ప్యాచ్‌లలో కలిపేస్తుంది. ముందే పాత వెర్షన్‌కు ట్యాగ్ పెట్టుకుంటే రేంజ్-డిఫ్‌లో తేడా మొత్తం కనిపిస్తుంది. రెండో వెర్షన్‌లో ఏం మారిందో కమిట్ మెసేజ్ తర్వాత వచ్చే మూడు అడ్డగీతల (---) కింద రాయండి, ప్యాచ్ తీసుకున్నప్పుడు అది హిస్టరీలోకి పోదు. ఎవరైనా రివ్యూడ్-బై ఇచ్చి ఉంటే, ఆ ప్యాచ్ పెద్దగా మారనప్పుడు దాన్ని కొత్త వెర్షన్‌లోనూ ఉంచాలి. పొద్దున కామెంట్ వస్తే సాయంత్రానికే కొత్త వెర్షన్ పంపే తొందర వద్దు. కనీసం వారం ఆగండి, కొత్త కోడ్‌ను ప్రధాన కెర్నెల్‌లోకి తీసుకునే రెండు వారాల మర్జ్ విండో నడుస్తుంటే జవాబు ఇంకా ఆలస్యం కావచ్చు, టెన్షన్ పడకండి.

ప్యాచ్ మెయింటైనర్ ట్రీలోకి పోయాక మాత్రం ఈ దిద్దుబాట్లు బంద్. ఆ తర్వాత తప్పు కనిపిస్తే కొత్త ప్యాచే పంపాలి, ఫిక్సెస్ అనే ట్యాగ్‌లో పాత కమిట్ ఐడీ మొదటి 12 అక్షరాలు, దాని టైటిల్ పెట్టి.