బయోస్ చిప్ చదవడం, 5వ పాఠం: రెండు ఫైళ్లు కలిసినా నమ్మకండి

ఈసారి బయోస్ చిప్‌లోకి (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే ప్రోగ్రాం ఉండే చిప్) రాయడం నేర్పుతానన్నాను. నేర్పడం లేదు. పోయిన పాఠంలో ‘క్లిప్ పెట్టండి, రెండుసార్లు చదవండి, రెండు ఫైళ్లూ కలిస్తే సేవ్ చేసుకోండి’ అని ఒక్క ముక్కలో తేల్చేశాను. (క్లిప్ అంటే చిప్‌ని చదివే ప్రోగ్రామర్ పరికరాన్ని చిప్ కాళ్లకి తగిలించేది.) తప్పు నాదే. ఆ మాట పట్టుకుని కూర్చున్నవాళ్లలో కొందరి ప్రోగ్రామర్‌కి చిప్ అసలు దొరకలేదు. ఇంకొందరికి దొరికింది, ఫైళ్లూ కలిశాయి, అయినా ఆ ఫైలు దేనికీ పనికిరాదు. నాకు టెన్షనంతా ఈ రెండోవాళ్ల గురించే.

ముందు చిప్ దొరకనివాళ్ల సంగతి. ఒకటో కాలు గుర్తు, క్లిప్ ఎర్ర తీగ గురించి మళ్లీ చెప్పను. చిప్‌ని దాని ఐడీ (కంపెనీ, రకం, సైజు చెప్పే మూడు బైట్లు) అడిగితే ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్, అంటే హెక్స్ అంకెల్లో అన్ని బిట్లూ 1, వచ్చిందా? చాలావరకు ఏదో ఒక కాలు క్లిప్‌కి తగలడం లేదు. డేటా బయటికొచ్చే 2వ కాలిని ముందు అనుమానించండి. కాళ్ల మీద పూత ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రుద్దండి. 00 00 00 వచ్చిందంటే కరెంటు అందలేదు, లేదా ఆ లైనును బోర్డు మీద ఇంకేదో కిందికి లాగి పట్టుకుంది.

మీరు 8వ కాలికిచ్చే 3.3 వోల్టులు చిప్ దగ్గరే ఆగవు. అదే లైను మీదున్న చిప్‌సెట్‌కీ మిగతావాటికీ పోతాయి. క్లిప్ ఉండగానే 4, 8 కాళ్ల మధ్య మీటరు పెట్టి చూడండి. 2.7 కన్నా తక్కువుంటే 3.3 వోల్టుల చిప్‌కి అది చాలదు. ఆ లోటు తీరుద్దామని చార్జరు మాత్రం పెట్టకండి. బోర్డు నిద్రలేచి, తనూ అదే చిప్‌ని చదవబోతుంది. చార్జరు, బ్యాటరీ, గుండ్రటి సీమాస్ బ్యాటరీ మూడూ తీసేశాకే క్లిప్ పెట్టాలి. నా మటుకు నేను క్లిప్‌కి రెండే అవకాశాలిస్తాను. మూడోసారి హాట్ ఎయిర్‌తో చిప్ పీకేసి సాకెట్‌లో పెట్టి చదువుతాను. క్లిప్‌తో గంటసేపు కుస్తీ పట్టే ఓపిక నాకు లేదు.

ఒక వింత కేసు. విన్‌బాండ్ 25క్యూ64 ఎఫ్‌వీ ఐడీ ఈఎఫ్ 40 17 రావాలి. దాని బదులు ఎఫ్7 ఏ0 0బీ వచ్చిందనుకోండి. అదేదో కొత్త కంపెనీ చిప్ కాదు. బిట్లుగా రాసి చూడండి, పాత ఐడీయే ఒక బిట్ పక్కకి జరిగింది. క్లాక్ లైను (ఒక్కో బిట్‌ని ఎప్పుడు చదవాలో చెప్పే తీగ) సరిగ్గా లేదు. తీగలు పొట్టివి వేయండి, స్పీడు తగ్గించే వీలుంటే తగ్గించండి.

వోల్టేజీ దగ్గర కూడా కొందరు దెబ్బతిన్నారు. విన్‌బాండ్‌లో ఎఫ్‌వీ, జేవీ అంటే 3.3 వోల్టులు, ఎఫ్‌డబ్ల్యూ, జేడబ్ల్యూ అంటే 1.8. చిప్ మీద ఆ చివరి అక్షరం వీయో డబ్ల్యూయో కంటికి ఆనదు, ఫోన్ కెమెరాతో జూమ్ చేయండి. మాక్రోనిక్స్‌లో 25ఎల్ అంటే 3.3, 25యూ అంటే 1.8. 1.8 చిప్‌కి వోల్టేజీ తగ్గించే అడాప్టర్ లేకుండా క్లిప్ పెట్టకండి. చవకగా దొరికే నల్ల సీహెచ్341ఏ ప్రోగ్రామర్లలో చాలావాటిలో 8వ కాలికి 3.3 వెళ్లినా, డేటా కాళ్ల మీద 5 వోల్టులుంటాయి.

ఇక నన్ను విసిగించే అసలు గొయ్యి: ‘సార్, రెండు ఫైళ్లూ కలిశాయి.’

కలిస్తే ఏమైంది? క్లిప్ తగలకుండా రెండుసార్లు చదివినా కలుస్తాయి, రెండూ నిండా ఎఫ్ఎఫ్‌లే కాబట్టి. ఒకే తప్పు రెండుసార్లు చేస్తే జవాబు ఒకటే వస్తుంది. పోలిక చెప్పేది చదవడం నిలకడగా ఉందని. చదివింది నిజమని కాదు.

దీనికన్నా మోసం సైజుది. పేరులో 64 అంటే 64 మెగాబిట్లు, అంటే 8 ఎంబీ. ఫైలు సరిగ్గా 83,88,608 బైట్లుండాలి. ‘64 ఎంబీ చిప్‌కి 8 ఎంబీయే వచ్చింది, మిగతాది పోయింది’ అని కంగారుపడి, ప్రోగ్రామర్ సాఫ్ట్‌వేర్ లిస్టులో పైసైజు 128 ఎంచుకున్నవాళ్లున్నారు. అప్పుడు 16 ఎంబీ ఫైలు వస్తుంది. చిప్ చివరికి చేరాక అడ్రసు మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి రెండో సగం మొదటి సగానికి నకలు. పదిసార్లు చదవండి, పదీ కలుస్తాయి! అటు 64 చిప్‌కి 32 ఎంచుకుంటే సగమే వస్తుంది, అవీ కలుస్తాయి. ఆ సగాన్ని బ్యాకప్ అనుకుని చిప్ ఎరేజ్ చేస్తే మిగతా సగం ఇక రాదు.

కాబట్టి ఫైలు లోపలికి వెళ్లండి. హెక్స్ ఎడిటర్‌లో (ఫైలును బైట్లుగా చూపించే ప్రోగ్రాం) తెరిస్తే, ఇంటెల్ బోర్డయితే సాధారణంగా హెక్స్ 10వ అడ్రసు దగ్గర 5ఏ ఏ5 ఎఫ్0 0ఎఫ్ కనబడాలి. రెండు చిప్పులున్న బోర్డులో ఇది మొదటిదాంట్లోనే ఉంటుంది, రెండోదాంట్లో లేదని బెంగపడకండి. ఏఎండీ బోర్డులో ఈ గుర్తు వెతకొద్దు. ఎక్కడైనా సరే, యూఈఎఫ్ఐ (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త రకం) ఉన్న చిప్‌లో అండర్‌స్కోర్ పక్కన ఎఫ్‌వీహెచ్ అన్న అక్షరాలు చాలాచోట్ల తగలాలి. ఒక్కటీ తగలకపోతే అది బ్యాకప్ కాదు.

అభ్యాసం. పాడైన బోర్డు ఒకటి తీసుకోండి, పనిచేసేది వద్దు. 8 ఎంబీ చిప్‌ని కావాలనే 16గా చదివి, ఫైలును సగానికి కోసి రెండు ముక్కలూ పోల్చండి. తర్వాత 4గా చదవండి, ఏం పోయిందో కాగితం మీద రాయండి. చివరగా సీ8 40 17 అనే ఐడీ ఒక బిట్ కుడికి జరిగి, ఖాళీ అయిన చోట 1 చేరితే ఏమవుతుందో కాలిక్యులేటర్ లేకుండా తేల్చండి. జవాబు ఈ4తో మొదలవ్వాలి. ఈ మూడూ చేశాకే చిప్‌లోకి రాసే పాఠానికి రండి.