పూల్ ఆడే చేత్తో స్నూకర్ మొదలుపెట్టాలంటే

పదకొండేళ్లు పందెం పూల్ ఆడాను (టేబుల్ మీద స్టిక్‌తో బంతుల్ని కొట్టి పాకెట్లలో, అంటే గుంతల్లో, వేసే ఆట). ఇల్లు సగం ప్రైజు డబ్బులతో, సగం నాన్న బత్తాయి తోటతో నడిచింది. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి పార్లర్‌లో మొదలై హైదరాబాద్ టోర్నమెంట్ల దాకా వెళ్లాక, అదే తరహా ఆట స్నూకర్ మీద మనసు పోయింది. మొదటి ఫ్రేమ్‌లో, అంటే మొదటి ఆటలో, నా స్కోరు 9. ఎదురుగా ఆడింది ఇంటర్ చదివే పిల్లవాడు. నా ఫౌల్సే వాడికి 20 పాయింట్లు ఇచ్చాయి.

టేబుల్ 9 అడుగుల నుంచి 12కి పెరుగుతుంది. బంతి 57 మిల్లీమీటర్ల నుంచి 52.5కి తగ్గుతుంది. వీటికి కన్ను వారంలో అలవాటు పడుతుంది. ఏడిపించేది పాకెట్. పూల్ పాకెట్ మూలలు కోసినట్టు ఉంటాయి కాబట్టి కుషన్‌ను (టేబుల్ అంచు చుట్టూ ఉండే రబ్బరు గట్టు) రాసుకుంటూ వచ్చిన బంతి కూడా లోపలికి పోతుంది. స్నూకర్‌లో ఆ మూలలు గుండ్రంగా ఉంటాయి. కాస్త తగిలిందా, బంతి అటూ ఇటూ కొట్టుకుని గుమ్మంలోనే నిలబడుతుంది. గట్టిగా కొట్టే చేయి అక్కడే దొరికిపోతుంది.

అందుకే మొదటి నెల సైడ్ స్పిన్, అంటే తెల్ల బంతిని నడిమధ్యన కాక పక్కన కొట్టి తిప్పడం, మానేయండి. పూల్‌లో మనకు తెలియకుండానే కొంచెం సైడ్ పెట్టేస్తుంటాం. అది బయటపడాలంటే తెల్ల బంతిని బ్రౌన్ స్పాట్ (టేబుల్ మీద బ్రౌన్ బంతి పెట్టే గుర్తు) మీద పెట్టి, బ్లూ, పింక్, బ్లాక్ స్పాట్ల మీదుగా నేరుగా కొట్టండి. ఎదుటి కుషన్‌కు తగిలి తిరిగొచ్చి మీ స్టిక్ కొనకే ఆనాలి. నాది మొదట్లో జానెడు కుడికి వచ్చేది. రోజూ అరగంట, ఇరవై రోజులు కొట్టాక దారికొచ్చింది. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఇంకోటి, గుడ్డ. స్నూకర్ గుడ్డకు నూగు ఉంటుంది, అది నల్ల బంతి వైపు వాలి ఉంటుంది. మార్కర్ (టేబుల్ చూసుకునే పార్లర్ మనిషి) బ్రష్ కొట్టేదీ అటే. అరచేత్తో నిమిరితే ఒకవైపు నున్నగా, ఎదురు నిమిరితే గరుకుగా తగులుతుంది (మార్కర్ చూడకుండా నిమరండి). మిడిల్ పాకెట్‌కి నెమ్మదిగా వదిలిన బంతి చివర్లో నూగు వాలు వైపు జారుతుంది. ఆ కాస్తా ముందే లెక్కేసుకోండి.

స్టిక్ వేరేది కొనక తప్పదు. పూల్ స్టిక్ కొన (టిప్) 13 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, స్నూకర్‌కు 9.5 చాలు.

స్నూకర్ నుంచి పూల్‌కి వెళ్లినవాళ్లు చాలామంది. ఆరుసార్లు ప్రపంచ స్నూకర్ ఛాంపియన్ అయిన స్టీవ్ డేవిస్ యూరప్, అమెరికా జట్ల పూల్ పోటీ మోస్కోనీ కప్‌లో 11 సార్లు ఆడాడు. ఇటు నుంచి అటు వెళ్లేవాళ్లే తక్కువ. 2004లో ప్రపంచ నైన్‌బాల్ (పూల్‌లో ఒక రకం) ఛాంపియన్‌షిప్ గెలిచిన అలెక్స్ పగులయాన్ కెనడా స్నూకర్ ఛాంపియన్‌షిప్ కూడా గెలిచాడు. అలాగని పూల్ టోర్నమెంట్లు వదిలేయకండి, స్నూకర్‌లో మన చేతికి డబ్బు రావడానికి చాలా కాలం పడుతుంది.

మూడో నెలలో ఆ ఇంటర్ పిల్లవాడితోనే మళ్లీ ఆడాను. నాలుగుసార్లు ఎరుపు, నలుపు వరసగా పడ్డాయి, బ్రేక్ (ఒకే విడతలో వచ్చిన పాయింట్లు) 32. ఐదో ఎరుపు గుమ్మంలో నిలబడింది.